జర్మనీకి నివాస వలస

తొంభై రోజులకు మించి ఉండే ఉద్దేశంతో జర్మనీకి వెళ్లి, అక్కడి పౌర నమోదులో పేరు చేర్చుకొని, నివాస అనుమతి పొంది జీవించడాన్ని నివాస వలస అంటారు. చదువు, ఉద్యోగం, వృత్తి శిక్షణ, ఉద్యోగాన్వేషణ, కుటుంబంతో కలిసి ఉండటం దీనికి ముఖ్య కారణాలు. విహారయాత్రకో, వ్యాపార సమావేశానికో ఇచ్చే షెన్‌గెన్ వీసా దీని కిందికి రాదు. ఆ వీసాతో ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండరాదు, జర్మనీలో దిగాక దాన్ని నివాస అనుమతిగా మార్చుకొనే వీలూ సాధారణంగా ఉండదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి వర్తించే నియమాలను, ప్రయాణానికి ముందు చేసుకోవలసిన ఏర్పాట్లను, మొదటి సంవత్సరపు జీవన పరిస్థితులను ఈ వ్యాసం వివరిస్తుంది. రుసుములు, జీతాల పరిమితులు ఏటా మారుతుంటాయి. వేరుగా చెప్పని చోట అంకెలు 2025 నాటివి.

చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీ కర్మాగారాలకు కార్మికుల కొరత ఏర్పడింది. దాన్ని తీర్చుకోవడానికి ఆ దేశం 1955లో ఇటలీతో, 1960లో స్పెయిన్, గ్రీసులతో, 1961లో టర్కీతో, ఆ తరువాత మరికొన్ని దేశాలతో కార్మిక ఒప్పందాలు చేసుకుంది. అలా వచ్చినవారిని ‘అతిథి కార్మికులు’ అన్నారు. కొన్నాళ్లు పనిచేసి వెనక్కి పోతారన్నది ప్రభుత్వం లెక్క. చమురు సంక్షోభం నేపథ్యంలో 1973 నవంబరులో నియామకాలను ఆపేశారు. అయితే వచ్చినవారిలో చాలామంది అక్కడే ఉండిపోయి కుటుంబాలను రప్పించుకున్నారు. అయినా తమది వలసదారుల దేశమని అంగీకరించడానికి జర్మన్ రాజకీయాలకు మరో మూడు దశాబ్దాలు పట్టింది. సమగ్ర వలస చట్టం 2005 జనవరి 1న గాని అమలులోకి రాలేదు.

భారతీయుల రాక అంతకంటే పాతది. హైదరాబాదులో పుట్టిన విప్లవకారుడు, సరోజినీ నాయుడు సోదరుడు వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బెర్లిన్ కేంద్రంగా పనిచేశారు. తరువాత రాష్ట్రపతి అయిన జాకీర్ హుస్సేన్ కూడా హైదరాబాదులోనే పుట్టారు. ఆయన 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. 1960లలో కేరళ నర్సులు క్యాథలిక్ చర్చి సంస్థల ద్వారా పశ్చిమ జర్మనీ ఆసుపత్రులకు వెళ్లారు. 2000లో గెర్హార్డ్ ష్రోడర్ ప్రభుత్వం కంప్యూటర్ నిపుణుల కోసం ‘గ్రీన్ కార్డు’ తెచ్చింది. నార్త్ రైన్–వెస్ట్‌ఫాలియా ఎన్నికల్లో ‘భారతీయులకు బదులు పిల్లలు’ అన్న అర్థం వచ్చే నినాదం పుట్టింది ఆ సందర్భంలోనే.

ఆ తరువాత చట్టాలు వలసకు అనుకూలంగా మారుతూ వచ్చాయి. 2012 ఆగస్టులో యూరోపియన్ యూనియన్ బ్లూ కార్డు, 2020 మార్చిలో నిపుణ కార్మికుల వలస చట్టం వచ్చాయి. ఆ చట్టాన్ని 2023 నవంబరు నుంచి 2024 జూన్ వరకు మూడు దశల్లో సడలించారు. భారత్, జర్మనీలు 2022 డిసెంబరులో వలస భాగస్వామ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. భారత నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. జర్మన్ విశ్వవిద్యాలయాల్లో భారతీయ విద్యార్థులు 2023–24 నాటికి సుమారు 49 వేలకు చేరి, విదేశీ విద్యార్థుల్లో మొదటి స్థానంలో నిలిచారు.

అనుమతుల రకాలు

దీర్ఘకాలం ఉండదలచినవారు ముందుగా ‘డి’ తరగతి జాతీయ వీసా తీసుకోవాలి. రుసుము 75 యూరోలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ జనరల్ పరిధిలోకి వస్తాయి. 2025 నుంచి జాతీయ వీసాల దరఖాస్తులు చాలావరకు ఆన్‌లైన్‌లో మొదలవుతున్నాయి. నిరాకరణపై కాన్సులేట్‌కే పునఃపరిశీలన విజ్ఞప్తి పెట్టుకొనే పద్ధతిని 2025 జూలై 1 నుంచి ఎత్తివేశారు. ఇప్పుడు మిగిలిన మార్గాలు రెండే: కొత్తగా దరఖాస్తు చేయడం, లేదా బెర్లిన్‌లోని పాలనా న్యాయస్థానానికి వెళ్లడం. కాబట్టి మొదటిసారి ఇచ్చే కాగితాలే పూర్తిగా ఉండాలి.

విద్యార్థి వీసా: విశ్వవిద్యాలయ ప్రవేశం, ఏపీఎస్ ధ్రువపత్రం, ఖర్చులకు సరిపడా సొమ్ము చూపాలి (చూ. ప్రయాణానికి ముందు కాగితాలు). విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల అనుమతి లభిస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల బోధన రుసుము లేదు, సెమిస్టర్ చందా మాత్రమే ఉంటుంది. బాడెన్–వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల నుంచి 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 శీతాకాల సెమిస్టర్ నుంచి రుసుము విధిస్తోంది. ‘జర్మనీలో చదువు ఉచితం’ అనే కన్సల్టెన్సీ ప్రకటనలను ఈ మినహాయింపులు తెలుసుకొని చదవాలి.

బ్లూ కార్డు: డిగ్రీ, దానికి తగిన ఉద్యోగం, నిర్ణీత కనీస జీతం ఉన్నవారికి ఇస్తారు. 2025లో ఆ జీతం ఏడాదికి 48,300 యూరోలు. కొరత ఉన్న వృత్తులకు, కొత్తగా పట్టా పొందినవారికి 43,759.80 యూరోలు చాలు. సాఫ్ట్‌వేర్ రంగంలో తగిన అనుభవం ఉంటే డిగ్రీ లేకున్నా అర్హత రావచ్చు. బ్లూ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వామికి జర్మన్ పరీక్ష అవసరం లేదు, వెళ్లిన వెంటనే ఉద్యోగం చేసుకోవచ్చు కూడా. కొన్ని ఇతర అనుమతుల్లో భాగస్వామి సాధారణంగా ఏ1 స్థాయి పరీక్ష (చూ. భాష) ముందే పాసవ్వాలి. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లేవారి ప్రణాళికను ఈ తేడా పూర్తిగా మార్చేస్తుంది.

అవకాశ కార్డు: 2024 జూన్ 1న మొదలైంది. ఉద్యోగం చేతిలో లేకుండానే వెళ్లి వెతుక్కోవడానికి ఏడాది వరకు గడువిస్తుంది. విద్యార్హత, అనుభవం, భాష, వయసు వంటివాటికి ఇచ్చే పాయింట్లలో కనీసం ఆరు రావాలి. వెతికే కాలంలో వారానికి 20 గంటలు పనిచేయవచ్చు. ఇది ఉద్యోగానికి హామీ కాదు. ఉద్యోగం దొరకకపోతే ఏడాది ఖర్చు సొంత జేబులోంచే పోతుంది.

వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయుల వృత్తులు నియంత్రిత వృత్తులు. వీటిలో పనిచేయాలంటే అర్హతకు అక్కడి ప్రభుత్వ గుర్తింపు తప్పనిసరి. నర్సులకు గుర్తింపు ప్రక్రియలో జర్మన్ భాష బి1 లేదా బి2 స్థాయిలో అడుగుతారు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ నియామకాలు చూసే ప్రభుత్వ సంస్థలు. ప్రైవేటు ఏజెంటుకు డబ్బు కట్టే ముందు అతనికి భారత విదేశాంగ శాఖ నమోదు ఉందో లేదో ఈ–మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ప్రయాణానికి ముందు కాగితాలు

భారతీయ పట్టాల నిజానిజాలు పరిశీలించే ఏపీఎస్ సంస్థ ధ్రువపత్రం 2022 నవంబరు 1 నుంచి విద్యార్థి వీసాకు తప్పనిసరి. దీనికి నెలలు పట్టవచ్చు గనుక విశ్వవిద్యాలయ దరఖాస్తుల కంటే ముందే మొదలుపెట్టాలి. ఉద్యోగానికి వెళ్లేవారు తమ కళాశాలకు, పట్టాకు జర్మనీ గుర్తింపు ఉందో లేదో ‘అనాబిన్’ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో చూసుకోవాలి. కళాశాల పక్కన ‘హెచ్ ప్లస్’ అని ఉంటే గుర్తింపు ఉన్నట్టు. పట్టా అందులో లేకపోతే విడిగా మూల్యాంకనం చేయించుకోవాలి.

విద్యార్థి ఏడాది ఖర్చును బ్లాక్డ్ ఖాతాలో ముందే జమచేయాలి. 2024 సెప్టెంబరు నుంచి ఈ మొత్తం 11,904 యూరోలు. అంటే నెలకు 992 యూరోలు. జర్మనీ చేరి స్థానిక ఖాతా తెరిచాక ఆ సొమ్ము నెలనెలా విడుదలవుతుంది, ఒకేసారి తీసుకోవడం కుదరదు. మ్యూనిక్, ఫ్రాంక్‌ఫర్ట్ వంటి నగరాల్లో గది అద్దె, బీమా కట్టాక ఆ 992లో మిగిలేది స్వల్పం. అందుకే మొదటి నెలల అడ్వాన్సు, విమాన ఖర్చు, చలి దుస్తుల సొమ్ము విడిగా ఉండాలి.

పుట్టిన, పెళ్లి ధ్రువపత్రాల విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఒక దేశపు పత్రాలు ఒకే ముద్రతో మరో దేశంలో చెల్లేలా చేసే అపోస్టిల్ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది. భారత్ చేరికపై జర్మనీ అభ్యంతరం తెలిపింది కాబట్టి రెండు దేశాల మధ్య ఆ ముద్ర చెల్లదు. హైదరాబాదులోనో విజయవాడలోనో డబ్బు కట్టి అపోస్టిల్ వేయించుకున్న కాగితాన్ని జర్మన్ కార్యాలయం పక్కన పెట్టవచ్చు. అవసరమైనప్పుడు జర్మన్ కాన్సులేట్ నియమించిన న్యాయవాది గ్రామ పంచాయతీ లేదా మున్సిపల్ రికార్డు దాకా వెళ్లి విచారిస్తాడు. దీనికి నెలలు పడుతుంది, ఖర్చు దరఖాస్తుదారుదే. గుడిలో పెళ్లి చేసుకొని రిజిస్ట్రేషన్ చేయించని దంపతులు, పదో తరగతి మెమో తప్ప పుట్టిన ధ్రువపత్రం లేనివారు ఈ పనిని ప్రయాణానికి చాలా ముందుగానే పూర్తి చేసుకోవాలి.

తెలుగువారి పేర్ల పద్ధతి మరో చిక్కు. ఎస్సెస్సీ మెమోలో ఇనిషియల్స్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, డిగ్రీలో ఇంటిపేరు చివర, భార్య పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, పిల్లల కాగితాల్లో మరో క్రమం కనిపిస్తుంటాయి. జర్మన్ దరఖాస్తుల్లో సొంత పేరు, కుటుంబ పేరు అని రెండు గళ్లే ఉంటాయి, వాటిని పాస్‌పోర్టు ప్రకారమే నింపుతారు. పాస్‌పోర్టులో ఒక గడి ఖాళీగా ఉన్నవారు బయలుదేరక ముందే సరిచేయించుకోవడం మేలు. తరువాత బ్యాంకు, బీమా, పన్ను కార్యాలయాల్లో ఒకే మనిషి మూడు పేర్లతో నమోదు కావడం అరుదేమీ కాదు.

భారతీయ బ్యాంకు ఖాతాలను కూడా మార్చుకోవాలి. విదేశీ మారక నిర్వహణ చట్టం ప్రకారం ప్రవాసిగా మారినవారు సాధారణ పొదుపు ఖాతాను అలాగే నడపరాదు, ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చించాలి.

చిరునామా, నమోదు

జర్మనీలో మిగతా పనులన్నీ చిరునామా మీద ఆధారపడి ఉంటాయి. ఇంట్లో చేరిన రెండు వారాల్లోగా స్థానిక పౌర కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. దీన్ని ‘ఆన్‌మెల్డుంగ్’ అంటారు. ఈ నియమం జర్మన్ పౌరులకూ వర్తిస్తుంది. అద్దె ఒప్పందం ఒక్కటే చూపితే సరిపోదు. ఫలానా తేదీన ఫలానా వ్యక్తి ఈ ఇంట్లో చేరాడని ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం 2015 నవంబరు నుంచి తప్పనిసరి. బెర్లిన్ వంటి నగరాల్లో కార్యాలయ అపాయింట్‌మెంటు దొరకడానికే వారాలు పడుతుంది. గడువులోగా తేదీ తీసుకున్నట్టు ఆధారం ఉంచుకుంటే సాధారణంగా ఇబ్బంది ఉండదు.

నమోదైన కొన్ని వారాలకు 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. అది జీవితకాలానికి ఒక్కటే. అది లేకుండా ఉద్యోగమిచ్చిన యజమాని జీతంలో పన్ను సరిగా లెక్కకట్టలేడు, గడువు దాటితే అత్యధిక కోత ఉండే ఆరో పన్ను తరగతిలో వేయాల్సి వస్తుంది. నివాస అనుమతి ఇచ్చే విదేశీయుల కార్యాలయం ఏదన్నదీ చిరునామాను బట్టే తేలుతుంది. వీసా గడువు ముగిసేలోపు అక్కడ దరఖాస్తు చేస్తే, కార్డు వచ్చేవరకు పాత హక్కులు కొనసాగుతాయని తాత్కాలిక పత్రం ఇస్తారు.

ఇక్కడ కొత్తవారికి తట్టని చిన్న విషయం ఒకటుంది. జర్మన్ అపార్ట్‌మెంట్లలో సాధారణంగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మాన్ వీధి, భవనం నంబరు చూసి వచ్చి, కింద వరుసగా ఉన్న పోస్టు పెట్టెల మీద ఇంటిపేర్లు చదివి ఉత్తరాలు వేస్తాడు. పెట్టె మీద పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. పన్ను సంఖ్య, బ్యాంకు కార్డు, దాని రహస్య సంఖ్య, బీమా కార్డు అన్నీ విడివిడి కవర్లలో పోస్టులోనే వస్తాయి. గదిలో అద్దెకు చేరినవారు కూడా తాళం తీసుకున్న రోజే తమ పేరు రాసిన చీటీని ఆ పెట్టెకు, కాలింగ్ బెల్‌కు అతికించుకోవాలి.

ఇల్లు, అద్దె

పెద్ద నగరాల్లో ఇల్లు దొరకడం ఉద్యోగం దొరకడం కంటే కష్టమనిపించే పరిస్థితి ఉంది. ప్రకటనల్లో కనిపించే ‘చల్లని అద్దె’ ఇంటికి మాత్రమే. వేడి, నీరు, చెత్త, భవన నిర్వహణ కలిపితే ‘వెచ్చని అద్దె’. కరెంటు, ఇంటర్నెట్ చాలాచోట్ల ఆ రెండో దాంట్లోనూ ఉండవు. ఏడాది చివర వాస్తవ వాడకాన్ని లెక్కకట్టి, మిగిలితే తిరిగి ఇస్తారు, తగ్గితే వసూలు చేస్తారు. అడ్వాన్సు చల్లని అద్దెకు మూడు రెట్లు మించరాదని చట్టం, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా ఉంది. ‘రెండు గదుల ఇల్లు’ అంటే హాలుతో కలిపి రెండు గదులని అర్థం. మన లెక్కలో అది సింగిల్ బెడ్‌రూమే.

అద్దె ఇంట్లో వంటగది ఖాళీగా ఉండటం కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. గోడలోంచి నీటి పైపు, స్టవ్‌కు కరెంటు తీగ మాత్రమే ఉంటాయి. సింకు, అల్మరాలు, స్టవ్ అద్దెదారే కొనుక్కోవాలి, లేదా వెళ్లిపోయే అద్దెదారు దగ్గర బేరమాడి తీసుకోవాలి. వంటగది అమర్చి ఉంటే ప్రకటనలో ఆ మాట ప్రత్యేకంగా రాస్తారు. కొన్నిచోట్ల దీపాలకు బల్బు హోల్డర్లు కూడా ఉండవు.

దరఖాస్తుతో పాటు ఇటీవలి మూడు జీతపు చీటీలు, రుణ చరిత్ర నివేదిక అడుగుతారు. ఆ నివేదికను 1927లో పుట్టిన షూఫా అనే సంస్థ ఇస్తుంది. కొత్తగా వచ్చినవారికి ఈ రెండూ ఉండవు. కాబట్టి మొదటి కొన్ని నెలలు ఫర్నిచరుతో ఉన్న తాత్కాలిక ఇంట్లోనో, నలుగురు కలిసి ఉండే పంచుకున్న ఇంట్లోనో గడపడం ఆచరణలో స్థిరపడిన మార్గం. తాత్కాలిక ఇల్లు తీసుకునేటప్పుడు నమోదు ధ్రువపత్రం ఇస్తారా అన్నది మొదట అడగాలి (చూ. చిరునామా, నమోదు). ఇవ్వని ఇల్లు ఎంత చౌకైనా పనికి రాదు. యజమాని విదేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళాలు పోస్టులో పంపుతాడు అనే ప్రకటనలు మోసాలు. ఇల్లు చూడకుండా, ఒప్పందం లేకుండా అడ్వాన్సు పంపరాదు.

అద్దెదారు ఖాళీ చేయాలంటే సాధారణంగా మూడు నెలల ముందు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటించాలి. మేకులు కొట్టడం, డ్రిల్లింగ్ వంటివి ఆ వేళల్లో కుదరవు. శీతాకాలంలోనూ రోజూ కొద్దిసేపు కిటికీలు బార్లా తెరవాలని ఒప్పందాల్లో రాస్తారు. వంట ఆవిరితో గోడలకు బూజు పడితే మరమ్మతు ఖర్చు అద్దెదారు మీద పడవచ్చు. అన్నం, పులుసు, పోపు రోజూ ఉండే ఇళ్లలో ఈ నియమాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆరోగ్య బీమా

ఒట్టో ఫాన్ బిస్మార్క్ కాలంలో, 1883లో, జర్మనీ నిర్బంధ ఆరోగ్య బీమాను ప్రవేశపెట్టింది. నేటికీ బీమా లేకుండా అక్కడ నివసించడానికి వీల్లేదు, వీసాకూ అది షరతే. ప్రభుత్వ బీమా చందా జీతంలో 14.6 శాతం, దానికి తోడు 2025లో సగటున 2.5 శాతం అదనపు చందా. యజమాని సగం, ఉద్యోగి సగం భరిస్తారు. ఆదాయం లేని జీవిత భాగస్వామికి, పిల్లలకు విడిగా చందా లేకుండానే రక్షణ లభిస్తుంది. ఏడాదికి 73,800 యూరోలకు మించి సంపాదించే ఉద్యోగులు ప్రైవేటు బీమాకు మారవచ్చు. యవ్వనంలో అది చౌకగా కనిపిస్తుంది. వయసుతో చందా పెరుగుతుంది, కుటుంబంలో ప్రతి ఒక్కరికీ విడిగా కట్టాలి, తిరిగి ప్రభుత్వ బీమాలోకి రావడం కష్టం.

వైద్యం కుటుంబ వైద్యుడి దగ్గర మొదలవుతుంది. నిపుణుల అపాయింట్‌మెంటుకు వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి. ఇండియాలో మాదిరి నేరుగా పెద్ద ఆసుపత్రికి వెళ్లి అదే రోజు స్కానింగు చేయించుకొనే పద్ధతి అత్యవసర పరిస్థితుల్లో తప్ప లేదు. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా ఇవ్వరు. అంబులెన్సు, అగ్నిమాపక దళానికి 112, పోలీసులకు 110, క్లినిక్‌లు మూసి ఉన్న వేళల్లో సాధారణ జబ్బుకు 116117కు ఫోన్ చేయాలి.

జీతం, పన్నులు

ఒప్పందంలో రాసే జీతం కోతలకు ముందుది. 2025లో పెన్షన్ చందా 18.6 శాతం, నిరుద్యోగ బీమా 2.6 శాతం, వృద్ధాప్య సంరక్షణ బీమా 3.6 శాతం. వీటిలో సుమారు సగం ఉద్యోగి వాటా. పిల్లలు లేనివారు సంరక్షణ బీమాకు కొంత ఎక్కువ కడతారు. ఆదాయపు పన్ను 14 శాతం నుంచి మొదలై 42 శాతం వరకు, అత్యధిక ఆదాయాలపై 45 శాతం దాకా పోతుంది. ఉదాహరణకు నెలకు 4,500 యూరోల జీతం ఉన్న ఒంటరి ఉద్యోగి చేతికి సుమారు 2,850 వస్తాయి. ఆ జీతాన్ని రూపాయల్లోకి మార్చి హైదరాబాదు జీతంతో పోల్చేవారు మొదట ఈ కోత, ఆ తరువాత అద్దె తీసేసి చూడాలి. వివాహితులకు పన్ను తరగతి మారుతుంది, భార్యాభర్తల్లో ఒక్కరే సంపాదిస్తుంటే చేతికొచ్చేది పెరుగుతుంది.

నమోదు పత్రంలో మతం అడిగే గడి పన్నుకు సంబంధించినది. క్యాథలిక్ లేదా ప్రొటెస్టెంట్ (ఇవాంజెలికల్) అని నమోదైతే ఆదాయపు పన్ను మీద చర్చి పన్ను పడుతుంది. బవేరియా, బాడెన్–వ్యూర్టెంబెర్గ్‌లలో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల్లో లూథరన్ సంఘాలకు చెందిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. గుంటూరులో లూథరన్ మిషన్‌కు 1842లో పునాది వేసిన ఫాదర్ హేయర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవాడే. ఆ కుటుంబాలవారు గడిలో ఏం రాస్తున్నారో తెలిసి రాయాలి. సంఘం నుంచి వైదొలగాలంటే కోర్టులోనో నమోదు కార్యాలయంలోనో అధికారిక ప్రకటన ఇవ్వవలసి ఉంటుంది.

ఇవిగాక ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఉంది. టీవీ లేకున్నా కట్టాలి. పేరు నమోదైన కొద్దికాలానికే ఉత్తరం వస్తుంది, మోసమనుకొని పారేస్తే బకాయి పెరుగుతుంది.

ఉద్యోగం

మొదటి ఆరు నెలలు సాధారణంగా ప్రొబేషన్, అప్పుడు రెండు వారాల నోటీసుతో ఎవరైనా ఒప్పందం ముగించవచ్చు. వారానికి ఐదు రోజుల పనికి చట్టం ప్రకారం కనీసం 20 రోజుల సెలవు, చాలా కంపెనీలు 25 నుంచి 30 ఇస్తాయి. జబ్బు సెలవు దీనికి అదనం. ఉద్యోగం పోతే ఉపాధి కార్యాలయానికి, విదేశీయుల కార్యాలయానికి రెండింటికీ తెలియజేయాలి. నివాస అనుమతి వెంటనే రద్దు కాదు గాని, కొత్త ఉద్యోగానికి కొద్ది నెలల గడువే ఉంటుంది. పన్నెండు నెలల చందా ఉన్నవారికి చేతికొచ్చే జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం నిరుద్యోగ భృతి రావచ్చు.

భాష

సాఫ్ట్‌వేర్ కార్యాలయాల్లో ఇంగ్లీషు నడుస్తుంది. ఇంటి యజమాని, పౌర కార్యాలయం, పన్ను ఉత్తరం, బడి సమావేశం జర్మన్‌లో నడుస్తాయి. స్థాయిలను ఏ1 నుంచి సీ2 వరకు ఆరుగా లెక్కిస్తారు. హైదరాబాదులోని గోథె సెంట్రుమ్‌లో తరగతులు, పరీక్షలు ఉన్నాయి. జర్మనీలో ప్రభుత్వం నడిపే సమైక్యతా కోర్సులో 600 గంటల భాష, 100 గంటల చట్టం–చరిత్ర–సమాజం పాఠాలు ఉంటాయి. శాశ్వత నివాసానికి పట్టే కాలాన్ని కూడా భాషే నిర్ణయిస్తుంది (చూ. శాశ్వత నివాసం, పౌరసత్వం).

పిల్లలు, బడి

బడి సాధారణంగా ఆరేళ్లకు మొదలవుతుంది, హాజరు నిర్బంధం. ఇంట్లో చదివిస్తామంటే చట్టం ఒప్పుకోదు, బడి రోజుల్లో ఇండియా ప్రయాణానికి సెలవు దొరకడం కష్టం. చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి తరువాతే పిల్లలను వేర్వేరు రకాల బడులకు పంపుతారు. బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో ఇది ఆరో తరగతి తరువాత జరుగుతుంది. విశ్వవిద్యాలయానికి దారితీసే బడి గిమ్నాజియం. పదేళ్ల వయసులో భాష రాకుండా చేరిన పిల్లలకు ఈ విభజన అడ్డంకి కావచ్చు. ఏడాది నిండిన బిడ్డకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే హక్కు 2013 నుంచి ఉన్నా, నగరాల్లో సీట్ల కొరత ఉంది. పిల్లల భృతి నెలకు ఒక్కొక్కరికి 255 యూరోలు.

రోజువారీ జీవితం

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. సీసాలు, డబ్బాల మీద డిపాజిట్ ఉంటుంది. ఒకసారి వాడే ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు, సూపర్‌మార్కెట్‌లోని యంత్రంలో వేస్తే తిరిగి వస్తుంది. చెత్తను కాగితం, ప్యాకింగు, తడి చెత్త, మిగతాది అని వేర్వేరు డబ్బాల్లో వేయాలి. స్థానిక బస్సులు, రైళ్లన్నిటికీ పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో 49 యూరోలతో మొదలై 2025లో 58కి చేరింది. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా.

భారతీయ డ్రైవింగ్ లైసెన్సు నివాసం మొదలైన ఆరు నెలల వరకే చెల్లుతుంది. తరువాత జర్మన్ లైసెన్సు కోసం రాత పరీక్ష, రోడ్డు పరీక్ష రెండూ పాసవ్వాలి. డిసెంబరులో బెర్లిన్‌లో పగలు ఎనిమిది గంటలకంటే తక్కువ. మొదటి శీతాకాలంలో దిగులు కలగడం చాలామందికి అనుభవమే.

శాశ్వత నివాసం, పౌరసత్వం

బ్లూ కార్డు ఉన్నవారికి ఏ1 జర్మన్‌తో 27 నెలలకు, బి1తో 21 నెలలకు శాశ్వత నివాసం లభించవచ్చు. ఇతర నిపుణ కార్మికులకు ఇది మూడేళ్లు. 2024 జూన్ 27న అమలైన చట్టం పౌరసత్వానికి కావలసిన కాలాన్ని ఎనిమిదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించి, ద్వంద్వ పౌరసత్వాన్ని అనుమతించింది. మూడేళ్లకే ఇచ్చే ప్రత్యేక మార్గాన్ని 2025లో రద్దుచేశారు. ద్వంద్వ పౌరసత్వానికి జర్మనీ ఒప్పుకున్నా భారత్ ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం మరో దేశ పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. అలాంటివారు ఓసీఐ (ఓవర్‌సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు తీసుకుంటారు. దానితో ఓటు హక్కు రాదు, వ్యవసాయ భూమి కొనడం కుదరదు. ఊళ్లో పొలం ఉన్న కుటుంబాల్లో ఈ చర్చ తరచూ ఇక్కడే ఆగుతుంది. వారసత్వంగా వచ్చే భూమికి ఆ నిషేధం వర్తించదు.

తిరుగు ప్రయాణం

దేశం వదిలేవారు నమోదు రద్దు చేయించుకోవాలి. వెళ్లడానికి వారం ముందు నుంచి, వెళ్లిన రెండు వారాల లోపు ఈ పని చేయవచ్చు. ఆ పత్రం లేకపోతే బీమా, ప్రసార రుసుము, ఫోన్ ఒప్పందాలు రద్దుచేయడం కష్టమవుతుంది, బిల్లులు వస్తూనే ఉంటాయి. అద్దె అడ్వాన్సు తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు గనుక జర్మన్ బ్యాంకు ఖాతాను అప్పటివరకు మూయకపోవడం మంచిది. భారత్–జర్మనీ సామాజిక భద్రత ఒప్పందం 2017 మే 1 నుంచి అమలులో ఉంది. ఐదేళ్ల చందా పూర్తయినవారికి పెన్షన్ హక్కు ఏర్పడుతుంది, వయసు వచ్చాక ఇండియాలో ఉన్నా అందుతుంది. అంతకంటే తక్కువ కాలం పనిచేసినవారు ఐరోపా వదిలిన 24 నెలల తరువాత, నిబంధనలకు లోబడి, తమ వాటా చందా తిరిగి ఇవ్వమని అడగవచ్చు. అందుకు ఏటా పోస్టులో వచ్చే పెన్షన్ బీమా పత్రాలు, పన్ను సంఖ్య ఉత్తరం, చివరి జీతపు చీటీలు దాచి ఉంచుకోవాలి.